‘అక్కడ ఆడాను అన్నయ్యగారూ’

మా తోడల్లుడు పోయారని ఫోను వచ్చేటప్పటికి నేను హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి టీ తాగుతున్నాను. చేసింది మా ఆవిడ. "ఏవండీ, ఎక్కడున్నారు?" అంది. చెప్పాను. "మా మరిదిగారు..." అని ఆగిపోయింది. పక్కనుంచి ఎవరో ఫోను తీసుకుని, పొద్దున టిఫిను తిని వాలుకుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయారని, తొందరగా రమ్మని చెప్పారు.

నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎందుకంటే ఆయనకి చెప్పాల్సిన సంగతి ఒకటి నా దగ్గరుంది. రాత్రంతా బస్సులో నిద్రపోకుండా దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపి ఆయన మొహం చూడాలో సిద్ధం చేసుకుంటూ వస్తున్నాను. ఆయన ఆడని గోల్ఫ్ కోర్సు ఒకటి నాకు దొరికింది. ఇన్నేళ్ళూ ఊరూరా నేను వెతికింది దాని కోసమే. ఇంకో గంటలో పటమటలో వాళ్ళింటి గుమ్మంలో ఉండేవాణ్ణి. ఆ గంట ఆగలేదు మనిషి.

మీకు ముందు మా వరసలు చెప్పాలి. మా మామగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి మా ఆవిడ, చిన్నమ్మాయి భర్త ఈయన. వరసకి నేను అన్నయ్యని. వయసుకి ఆయనే పెద్ద. ఇలాంటి చోట మామూలుగా ఇద్దరూ "ఏవండీ" అంటే "ఏవండీ" అనుకుని రోజులు గడిపేస్తారు. ఈయన అలా గడపలేదు. పెళ్ళిపీటల మీంచి లేచి, చెవుల దగ్గర అప్పటికే నెరిసిన జుట్టుతో, పదిమంది చూస్తుండగా వచ్చి "అన్నయ్యగారూ" అని వంగి దణ్ణం పెట్టారు. చుట్టాలంతా ఎంత సంస్కారం, ఎంత సంస్కారం అని మురిసిపోయారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. వినయంలో కూడా నన్ను దాటిపోయే మనిషి మా ఇంట్లో అడుగుపెట్టాడని ఆ రోజే అర్థమైంది.

తోడల్లుడి మీద కుళ్ళు లేని మగాడు మా కృష్ణా జిల్లాలో ఉంటే నాకు చూపించండి. అత్తగారు ఎవరికి ముందు మంచినీళ్ళిచ్చింది, ఎవరి విస్తట్లో పెద్ద గారె పడింది అన్న దగ్గర మొదలై, ఇల్లూ కారూ పిల్లల ర్యాంకుల దాకా అది ఎదుగుతుంది. నా కుళ్ళు ఆ దారిన పోలేదు. విజయవాడలో గోల్ఫ్ అన్న మాటే ఎవరూ ఎరగని రోజుల్లో అది పోయి పోయి గోల్ఫ్ మీద పడింది.

నాది విత్తనాల కంపెనీలో ఉద్యోగం. ఆయనది బ్యాంకులో బ్రాంచీలు తనిఖీ చేసే పని. ఇద్దరికీ కాళ్ళకి చక్రాలే. తొంభైల మొదట్లో ఒక దసరాకి ఆయన క్యాంపు నుంచి నేరుగా అత్తగారింటికి వచ్చారు. చేతిలో పొడుగాటి గుడ్డసంచీ. భోజనాలయ్యాక మా మామగారు "అందులో ఏంటి బాబూ?" అన్నారు. "గోల్ఫు కర్రలండీ" అని బయటికి తీశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తేయాకు తోటలున్న కొండ ఊళ్ళో వేశారట, అక్కడ ఒక తోట మేనేజరు నేర్పాడట. మామగారికి చూపించాలని పెరట్లోకి వెళ్ళి, మట్టి కొంచెం కుప్ప చేసి, దాని మీద ఒక నిమ్మకాయ పెట్టి కొట్టారు. అది ప్రహరీ దాటి, పక్కవాళ్ళ డాబా దాటి, ఎటు పోయిందో కూడా కనపడలేదు. మా మామగారు "ఓరి దీని తస్సాదియ్యా!" అని చప్పట్లు కొట్టారు. వంటింట్లోంచి ఎప్పుడూ బయటికి రాని మా అత్తగారు వచ్చి ఇంకో నిమ్మకాయ ఇచ్చారు. నేను పనిగట్టుకుని బందరు వెళ్ళి తెచ్చిన లడ్డూల డబ్బా ఆ రోజు మూత కూడా తీయలేదు.

ఆ ఆట నేర్చుకోవాలని నేను అప్పుడే నిర్ణయించుకున్నాను. ఆయనకి తెలీకుండా నేర్చుకుందామనుకున్నాను గానీ విజయవాడలో ఇంకెవరు నేర్పుతారు? ఒకరోజు ఆయనే అడిగారు. "అన్నయ్యగారూ, పొద్దున్నే ఏటికి వస్తారా? ఒక్కణ్ణే కొట్టుకుంటుంటే పిచ్చివాడనుకుంటున్నారండీ జనం." బ్యారేజీ కింద వేసవిలో కృష్ణ ఎలా ఉంటుందో మీకు తెలుసు. కనుచూపు మేర ఇసుక. గోల్ఫులో బంతి ఇసుక గుంటలో పడిందంటే పెద్దపెద్దవాళ్ళే తల పట్టుకుంటారు. మాకు ఊళ్ళో ఉన్నదే ఇసుక. బట్టలుతికేవాళ్ళూ, దోసపాదులు వేసుకున్నవాళ్ళూ నవ్వుతుండగా, లుంగీలు ఎగ్గట్టి అందులోనే నేర్చుకున్నాను నేను. "ఇసుకలో నేర్చినవాడికి ఏ ఊళ్ళోనూ భయం లేదండీ. పచ్చిక మీదికి వెళ్ళాక అంతా సెలవే" అనేవారు ఆయన. నేను పది దెబ్బల్లో ఒకటి బాగా కొడితే, ఆ ఒక్కదాన్నీ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడ ముందు పొగిడేవారు. మిగతా తొమ్మిదీ ఎప్పుడూ చెప్పలేదు. అది కూడా నాకు నచ్చేది కాదు.

ఆట ఎలాగో వచ్చింది. ఆడేదెక్కడ? క్యాంపుకి వెళ్ళిన ఊళ్ళో ఎక్కడో ఒకచోట చూసుకోవాలి. అసలు విద్య అక్కడుంది. ఇప్పుడైతే పిల్లలు కంప్యూటర్లో కొట్టి చూస్తున్నారు. అప్పట్లో ఊరు కాని ఊళ్ళో దిగి, మంచి కోర్సు ఎక్కడుందో కనుక్కుని, మెంబరు కాకపోయినా లోపలికి వెళ్ళి ఆడి రావడమంటే మాటలు కాదు. ఆయనకి మాత్రం అది రైలు దిగి కాఫీ తాగినంత తేలిక.

ఆయన పద్ధతి వేరు. మొదటి రోజు కర్రలు తీసుకెళ్ళేవారు కాదు. సాయంత్రం పూట వట్టి చేతులతో వెళ్ళి, గేటు బయట టీ కొట్టు దగ్గర కూర్చునేవారు. ఆడినవాళ్ళ సంచులు మోసే క్యాడీలంతా అక్కడికే కదా వచ్చేది. "మొదటి హోల్ దగ్గర నిలబడి చూడకండి అన్నయ్యగారూ. అక్కడ అందరూ పెళ్ళికొడుకుల్లాగే ఉంటారు. చివరి హోల్ దగ్గర చూడండి. పోట్లాడుకుంటూ వస్తున్నారా, కోర్సు మంచిది. బూట్లు చూసుకుంటూ వస్తున్నారా, మనకొద్దు" అనేవారు. వాన పడితే ఆ మర్నాడు తప్పకుండా వెళ్ళేవారు. నీళ్ళు ఎంతసేపట్లో ఇంకాయో చూసి మార్కులు వేసేవారు. కాలవల కింద సేద్యం చేసిన ఇంట్లో పుట్టిన మనిషి. ఎక్కడ కాలు పెట్టినా ముందు మురుగు ఎటు పోతుందని చూసేవారు. "క్లబ్బు సెక్రటరీ గారిని ఆదివారం అడిగితే కుదరదంటారు. మంగళవారం అడిగితే వాళ్ళకే తోడు కావాలి" అన్నది ఇంకో మాట. ఇవన్నీ దాచుకోకుండా నాకు చెప్పేవారు. నేను ఇవన్నీ చేసేవాణ్ణి. అయినా గేటు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఏం చేస్తాం, కొందరి మొహం చూస్తే వాచ్‌మన్ లేచి నిలబడతాడు. కొందరి మొహం చూస్తే కర్ర తీసుకుంటాడు.

ఆయన కర్రలు సగం సెట్టే, అదీ పాత పంచెలో చుట్టి బెర్తు కింద పెట్టుకునేవారు. టీసీ అడిగితే "గొడుగులండీ" అనేవారు. నేను పంతానికి మద్రాసులో సెకండ్ హ్యాండులో ఫుల్ సెట్టు కొన్నాను. అంత పెద్ద తోలు సంచీతో రైలెక్కితే పెట్టెలో వాళ్ళంతా నన్ను హార్మోనియం పార్టీ వాడనుకున్నారు. ఆయన ఆ సంచీని చూసి "ఎంత బావుందండీ! జిప్పులు కూడా ఇత్తడివి" అని నిజంగానే ముచ్చటపడ్డారు. ఒక్క చిన్న మాట వంకరగా అని ఉంటే నాకెంత హాయిగా ఉండేదో.

బెంగుళూరులో ఒకసారి మా డీలరు ఒకాయన నన్నో కోర్సుకి తీసుకెళ్ళాడు. ఊరికి దూరంగా, ఎవరికీ తెలియనట్టు, చల్లగా ఉంది. ఇంకా మూడు హోల్సు కూడా ఆడలేదు, నాకు ఆట మీద ధ్యాస పోయింది. ఎప్పుడు ఊళ్ళోకి వెళ్ళి ఎస్టీడీ బూత్ చూసుకుందామా అని ఒకటే తొందర. చేశాను. "ఏవండీ, ఒక కోర్సు చూశాను, మీరు నమ్మరు" అన్నాను. ఆయన రెండు ప్రశ్నలడిగి, ఎంతో సంతోషంగా, "అక్కడ ఆడాను అన్నయ్యగారూ! ఏడో హోల్ దగ్గర నేరేడు చెట్టుంటుంది చూడండి. బంతి దాని కిందికి పోతే వెతక్కండి, పాములున్నాయి" అన్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళి చూశాను, చెట్టు లేకపోతే బావుండునని. ఉంది. నా బంతి సరిగ్గా దాని కిందికే పోయింది. వెతకలేదు.

ఆ తర్వాత అదే తంతు. కోయంబత్తూరు నుంచి చేస్తే "అక్కడ ఆడాను అన్నయ్యగారూ." నాగపూర్ నుంచి చేస్తే "అక్కడ ఆడాను అన్నయ్యగారూ, క్యాంటీన్లో పోహా తిన్నారా?" గొప్పకి అనేవారు కాదు. ఇద్దరం ఒకే చోట ఆడామన్న ఆనందంతో అనేవారు. నేనే ఫోను పెట్టేసి బూత్ వాడితో గొడవ పెట్టుకునేవాణ్ణి. "మా మరిదిగారి మీద మీకెందుకండీ అంత ఏడుపు?" అనేది మా ఆవిడ. "ఏడుపు కాదే, ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన నోటివెంట 'నాకు తెలీదు' అని వినాలి" అనేవాణ్ణి. "దానికి గోల్ఫెందుకు? పాలప్యాకెట్టు ఎంతో అడగండి, తెలీదంటారు" అనేది.

ఇక హైదరాబాదు సంగతి. అది చెప్పకుండా ఉంటే బావుండును గానీ మా చుట్టాలందరికీ తెలిసిపోయింది కాబట్టి మీకూ చెప్తున్నాను. కంపెనీ మీటింగుకి వెళ్ళి, ఒక పూట ఖాళీ దొరికితే, నా ఇత్తడి జిప్పుల సంచీతో ఆటో ఎక్కి "గోల్ఫ్ తెలుసా?" అన్నాను. "ఎందుకు తెల్వదు సార్, రోజూ తీస్కపోత" అన్నాడు. మెహదీపట్నంలో ఒక సందులో ఆపి, మేడ మీదికి చూపించాడు. పైన బెంచీల నిండా మనుషులు, అందరి చేతుల్లో పాస్‌పోర్టు ఫోటోలు. బల్ల వెనకాల తెల్ల గడ్డంతో ఒక సాహెబుగారు. నన్ను చూసి లేచి, "రండి బాబుగారూ, కూర్చోండి. మనది కోస్తాయేనా? మాది బందరు" అని టీ చెప్పారు. ఆ తర్వాత అడిగారు, "మీకే పని వచ్చు?"

"పనేంటండీ? నేను ఆడటానికొచ్చాను."

"ఆటలేం ఉండవు బాబూ అక్కడ. పన్నెండు గంటల డ్యూటీ. ఎండ." నా సంచీ వంక చూసి జాలిగా, "పనిముట్లు మనం తీసుకెళ్ళక్కర్లేదు. కంపెనీయే ఇస్తుంది" అన్నారు.

గోల్ఫ్ కాస్తా గల్ఫ్ అయిందని అప్పుడు వెలిగింది నాకు. దుబాయికీ మస్కట్‌కీ మనుషుల్ని పంపించే ఆఫీసది. ఉన్న పరువు కాస్తా సంచీలో వేసుకుని, టీ తాగి దిగి వచ్చేశాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. మా ఆవిడకొక్కదానికే చెప్పాను. ఆమె చెల్లెలికి ఒక్కదానికే చెప్పింది. ఆదివారం బెంజ్ సర్కిల్ దగ్గర మా ఇంటికి వచ్చారు మా తోడల్లుడు. ఈసారైనా వెక్కిరిస్తారనుకున్నాను. పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "మెహదీపట్నం సాహెబుగారి దగ్గరికి వెళ్ళారటగా? నన్నూ మొదటిసారి అక్కడికే తీసుకెళ్ళాడండీ ఆటోవాడు. టీ బావుంటుంది కదా?" అన్నారు.

దారి తప్పడంలో కూడా నేను రెండోవాణ్ణే అన్నమాట! పైగా అక్కడితో అయిపోలేదు. నేను టీ తాగి గ్లాసు పెట్టి వచ్చేశాను. ఆయన టీ తాగుతూ, తను వెతికేది గల్ఫ్ కాదనీ, కర్రలతో ఆడే ఆటనీ సాహెబుగారికి చేత్తో చూపించారట. బెంచీల మీద వాళ్ళంతా నవ్వారట. సాహెబుగారి బావమరిది ఆ ఊరి గోల్ఫు కోర్సులోనే గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తాడని తేలిందట. ఆ బావమరిది స్కూటరు మీదే వెళ్ళి, ఆ సాయంత్రమే ఆడారట. "మిమ్మల్ని కూడా తీసుకెళ్ళేవారు అన్నయ్యగారూ, ఒక్క మాట అడగకపోయారా" అన్నారు. నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన వెతికింది కోర్సుల్ని కాదనిపిస్తుంది, వాటికి దారి చెప్పే మనుషుల్ని. నాకు తెలిసిన ఊళ్ళోనే, నా డీలర్లే, నన్ను "సార్" అని ఆయన్ని "అన్నా" అనేవాళ్ళు. ఇద్దరం కలిసి వెళ్ళిన చోట క్యాడీలు నా సంచీ మోసేవాళ్ళు గానీ కబుర్లు ఆయనకి చెప్పేవాళ్ళు. ఆయన మంచిగా ఉండటం నాకు కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే ఎంచక్కా తిట్టుకునేవాణ్ణి. మంచివాడి మీద కుళ్ళు ఎవరికి చెప్పుకుంటాం? అలాగని ఆయన లేకుండా ఆడిన ఆట ఒక్కటీ నాకు గుర్తులేదు. ఒంటరిగా ఆడిన చోట కూడా, మంచి దెబ్బ పడితే మొదట తోచేది ఇది ఆయన చూడలేదే అని.

రిటైరైన ఏడాది ఆయనకి గుండె ఆపరేషనయింది. కర్ర పట్టుకోకూడదన్నారు డాక్టర్లు, దూరం ప్రయాణాలు వద్దన్నారు. అప్పటికి నాకింకా ఉద్యోగం ఉంది, తిరుగుడు ఉంది. ఊరు నుంచి రాగానే పటమట వెళ్ళి ఆయన వాలుకుర్చీ పక్కన స్టూలేసుకుని, ఆడిన ప్రతి హోలూ చెప్పేవాణ్ణి. కళ్ళు మూసుకుని వినేవారు. మధ్యలో "గ్రీన్ మీద బంతి పరిగెత్తిందా, పాకిందా?" అని, గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి గురించి అడిగేవారు. నేను చెప్పిన చోట్లన్నీ ఆయన కాలు పెట్టినవే. నేను మర్చిపోయిన మలుపు ఆయన గుర్తుచేసేవారు.

ఒకరోజు అలాగే చెప్తుంటే కళ్ళు తెరిచారు. "అన్నయ్యగారూ, ఒక మాట. మీరంటే నాకు చచ్చేంత కుళ్ళుగా ఉందండీ ఈమధ్య" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఎన్నేళ్ళు ఎదురుచూశాను ఆ మాట కోసం! వచ్చింది, నా ఒళ్ళో పడింది, దాన్నేం చేసుకోవాలో నాకు తెలియలేదు. కాఫీ చల్లారిపోతోందని ఏదో అన్నాను.

ఆయన వదల్లేదు. "నాకోసం ఒక పని చేయండి. నేను ఆడనిది ఒక్కటి కనిపెట్టండి. నాకు తెలిసినవే వింటుంటే పాత ఊళ్ళు తిరిగినట్టుంది. కొత్తది ఒక్కటి కావాలి. దొరికితే మాత్రం ఫోన్లో చెప్పొద్దు. ఇక్కడే, ఎదురుగా కూర్చుని చెప్పండి. మీ మొహం చూస్తూ కుళ్ళుకోవాలి నేను."

సరేనన్నాను. అక్కణ్ణుంచి ఏ ఊరు వెళ్ళినా అదే పని. పెద్ద క్లబ్బులన్నీ ఆయన చూసినవే, అందుకని వాటి జోలికి పోలేదు. టీ కొట్ల దగ్గర కూర్చున్నాను. నాతో మాట్లాడనివాళ్ళతో మాట్లాడాను. మొన్న ఒక ఊళ్ళో, లారీ మెకానిక్ ఒకతను చెప్పాడు, మూతపడిన ఫ్యాక్టరీ కాలనీ వెనక పాత కోర్సు ఒకటుందని, తొమ్మిదే హోల్సని, అడవిలా అయిపోతే ఈమధ్యే కొందరు పూనుకుని శుభ్రం చేశారని. సాయంత్రం వట్టి చేతులతో వెళ్ళాను. చివరి హోల్ దగ్గర నిలబడ్డాను. ఇద్దరు ముసలాళ్ళు గట్టిగా పోట్లాడుకుంటూ వస్తున్నారు. వాళ్ళనే అడిగాను, విజయవాడ నుంచి ఎవరైనా వచ్చి ఆడారా అని. "విజయవాడా! పక్క ఊరి వాళ్ళకే తెలీదండీ ఇది. బయటి నుంచి మీరే మొదలు" అన్నారు. మర్నాడు ఆడాను. చెరువు గట్టు వెంబడి వంగే మూడో హోలూ, పాత పొగగొట్టం వైపు గురిచూసి కొట్టే ఎనిమిదోదీ, ఒకటికి రెండుసార్లు నడిచి చూసుకున్నాను, ఆయన ఏ ప్రశ్న అడిగినా తడుముకోకూడదని.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. హనుమాన్ జంక్షన్ అన్నానని ఏ దిక్కో ఊహించుకోకండి, అక్కడికి అన్ని వైపుల నుంచీ బస్సులొస్తాయి. మీలో ఎవరైనా వెళ్ళి ఆడొచ్చారంటే నేను ఓర్చుకోలేను. అది ఆయన కోసం దొరికింది.

జేబులో సెల్‌ఫోనుంది. ఆ సాయంత్రమే చేయొచ్చు. రాత్రి బస్సెక్కేముందు చేయొచ్చు. ఎదురుగా చెప్పమన్నారని చేయలేదు.

పటమట చేరేసరికి వీధి నిండా చెప్పులు. హాల్లో పడుకోబెట్టారు. మా మరదలు నన్ను చూసి, "బావగారూ, పొద్దున ఇడ్లీ తింటూ అడిగారు, అన్నయ్యగారు ఊర్నుంచి వచ్చారా అని. మధ్యాహ్నానికి వస్తారన్నాను. అయితే మాగాయ ఉంచు, పెరుగన్నంలోకి ఆయనకిష్టం అన్నారు" అని చెప్పి ఏడ్చింది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. వెనక ఎవరో పెద్దాయన "ఎప్పుడూ మనందరికంటే ముందే ఉంటాడు ఆయన" అంటున్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. లేచి కొట్టాలనిపించింది.

మధ్యాహ్నం తీసుకెళ్ళాం. కరకట్ట దిగాక, శ్మశానం ఇంకా కొంచెం దూరం ఉందనగా, పాడె దింపారు. దింపుడు కళ్ళం. ప్రాణం ఏ మూలైనా మిగిలి ఉందేమోనని, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పిలిస్తే లేచినవాళ్ళెవరూ లేరు. అయినా ఎవరూ మానరు. వాళ్ళబ్బాయి వంగి "నాన్నా, నాన్నా, నాన్నా" అన్నాడు. ఆయన తమ్ముడు పిలిచాడు. పురోహితుడు చుట్టూ చూసి, "ఇంకెవరైనా వరసైనవాళ్ళు ఉన్నారా బాబూ?" అన్నాడు.

నేను వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. వరస పెట్టి పిలవలేదు. చెవి దగ్గరికి వంగి, "ఏవండీ, మీరు ఆడనిది దొరికింది" అన్నాను. ఊరు పేరు చెప్పాను. ఫ్యాక్టరీ కాలనీ వెనక అన్నాను. మూడో హోల్ చెరువు గట్టు వెంబడి వంగుతుందన్నాను, గ్రీన్ మీద బంతి పాకడం లేదు, పరిగెడుతోందన్నాను. నేను ఏదో మంత్రం చెప్తున్నాననుకుని పురోహితుడు ఆగాడు. రెండోసారి మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. మూడోసారి ఊరు పేరు ఒక్కటే చెప్పి, తల ఎత్తకుండా అలాగే ఉన్నాను. అందరూ పిలవాలి కాబట్టి పిలిచారు. నేను మాత్రం నిజంగానే ఎదురుచూశాను. ఆ ఊరి పేరు విని ఆ మనిషి మాట్లాడకుండా ఉండటం నా ఎరుకలో లేదు.

మాట్లాడలేదు. మా తోడల్లుడు పోయారని అప్పుడు నమ్మాను.

"లేపండి బాబూ, పొద్దు పోతోంది" అన్నారెవరో. పాడె లేచి ముందుకు కదిలింది. నేను లేవలేక అక్కడే ఉండిపోయాను. పాడె ఆనిన మేర గరిక అంతా ఒక మనిషి పొడుగున నలిగి నేలకి అతుక్కుపోయి ఉంది. చూస్తుండగానే, ఎవరూ ముట్టుకోకుండానే, ఒక్కో పరకా మెల్లగా లేచి నిలబడుతోంది.